చందా పుస్తకం అచ్చు వేయించే ముందు: ఊరి పాత కట్టడాన్ని నిలబెట్టుకోవడం ఎలా

వినాయక చవితి వస్తే విజయవాడలోనూ గుంటూరులోనూ వీధికో పందిరి లేస్తుంది. నలుగురు కుర్రాళ్ళు చందా పుస్తకం పట్టుకుని బయల్దేరితే వారం తిరక్కుండా డబ్బు పోగవుతుంది. ఇచ్చే చెయ్యి మనకు బాగానే ఉంది. అదే వీధిలో నూరేళ్ళ గ్రంథాలయం పైకప్పు కారుతుంటే మాత్రం పది మంది కూడా ముందుకు రారు. పందిరి దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. కారే చుక్క లోపల బీరువా వెనక పడుతుంది, అది చూసేది తాళం తీసే మనిషి ఒక్కడే. కాబట్టి ముందు చూపించాలి, తర్వాత అడగాలి. ఈ వరస తప్పితే చందా పుస్తకంలో మొదటి రెండు పేజీలు దాటవు.

కింద చెప్పేది పాత గ్రంథాలయం, సత్రం, బడి, టౌన్ హాలు, పెంకుటిల్లు వంటి కట్టడాలను మనసులో పెట్టుకుని చెబుతున్నది. గుహలకూ కోటలకూ దారి వేరు, ఆ తేడాతోనే మొదలుపెడదాం.

తాళం ఎవరిది?

మొట్టమొదట కట్టడం ఎవరి చేతిలో ఉందో కాగితం మీద తేల్చుకోండి. ఊళ్ళో చెప్పుకునే మాట చాలదు.

ఉండవల్లి గుహలు, విజయవాడలోని అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కొండపల్లి, కొండవీడు కోటలను చూసేది రాష్ట్ర పురావస్తు శాఖ. ఇలాంటి చోట మీరు ఒక్క రాయి కూడా కదపకూడదు. మంచి మనసుతో చేసినా నేరమే. గడ్డి పీకడానికి వెళ్ళాలన్నా ముందు ఆ శాఖకు ఉత్తరం రాసి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇక్కడ మీరు చేయగలిగింది రెండే: జనానికి చెప్పడం, శాఖ అంగీకరించిన పద్ధతిలో డబ్బు చేర్చడం.

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టానికి 2010లో వచ్చిన సవరణ ఇది. మీరు బాగుచేయాలనుకున్న పాత ఇల్లు ఈ పరిధిలో పడితే మరమ్మతుకు కూడా ముందుగా అనుమతి కావాలి. టేపు పట్టి కొలిచి చూసుకోండి. పని మొదలయ్యాక నోటీసు వస్తే దాతలు మళ్ళీ మీ ముఖం చూడరు.

రక్షణ జాబితాలో లేనివే ఎక్కువ, పోతున్నవీ అవే. గ్రంథాలయమైతే జిల్లా గ్రంథాలయ సంస్థదా, పాత సంఘానిదా చూడాలి. సత్రమైతే చాలావరకు దేవాదాయ శాఖ కింద ఉంటుంది. సొంత ఇల్లయితే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం తీయించండి, ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి. వారసులు ఏడుగురుంటే ఏడుగురి సంతకాలూ కావాలి. ఆరుగురు సరే అన్నాక ఏడోవారు హైదరాబాదు నుంచి దిగి గేటుకు తాళం వేయడం మన దగ్గర వింతేమీ కాదు. గుడి పేరు మీదో దేవుడి పేరు మీదో వసూలు చేయాలనుకుంటే దేవాదాయ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా ముట్టుకోవద్దు.

యజమానితో ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకోండి. ఏ పని చేస్తారు, ఎంత కాలం, బాగుచేశాక ఎన్నేళ్ళ పాటు కూల్చకూడదు, జనాన్ని ఏ రోజుల్లో లోపలికి రానివ్వాలి అన్నవి అందులో ఉండాలి. పదేళ్ళ కన్నా తక్కువకు ఒప్పుకుంటే మీ చందాతో వాళ్ళ స్థలం విలువ పెరగడం తప్ప ఇంకేమీ జరగదు.

ఒక వానాకాలం గమనించండి

జూన్‌లో మొదలుపెడితే మంచిది. పాత కట్టడం జబ్బు వానలోనే బయటపడుతుంది. గొడుగు వేసుకుని వెళ్ళి నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ తూము మూసుకుపోయిందో నేల పటం మీద గుర్తు పెట్టండి. ఎండాకాలంలో వచ్చిన ఇంజనీరు గోడ మీద మరక చూసి ఊహించాలి. మీరు కళ్ళారా చూసి చెప్పగలరు.

ఫోటోలు వరసగా తీయండి. నాలుగు వైపుల నుంచీ ఎదురుగా నిలబడి ఒక్కోటి, ప్రతి గదిలో నాలుగు గోడలు, పైకప్పు, నేల. ప్రతి ఫోటోలో ఒక అడుగు స్కేలు కనబడాలి. ఫైలు పేరులో తేదీ, గది సంఖ్య ఉండాలి. మూడు నెలల తర్వాత అదే చోట నిలబడి మళ్ళీ తీయండి. చందా అడిగేటప్పుడు ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

గోడ పగుళ్ళకు గాజు ముక్క పద్ధతి చాలు. పగులుకు అడ్డంగా వేలెడు వెడల్పున్న పలుచని గాజు పట్టీ పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి పక్కన తేదీ రాయండి. వానాకాలం గడిచాక గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం, పునాది చూపించాలి. విరగకపోతే పాత పగులే, పూడిస్తే సరిపోతుంది. ఇంజనీరుకు ఫీజు ఇచ్చే ముందు ఈ సంగతి తెలిస్తే అంచనాలో పెద్ద తేడా పడుతుంది.

ఈ కాగితాలూ ఫోటోలూ రెండు చోట్ల దాచండి, ఒకటి మేడ మీద. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఎన్ని ఇళ్ళ కింది అంతస్తులు ముంచిందో చూశాం కదా.

శాసనం ఉన్న రాయి కనిపిస్తే దాని మీద పసుపు, పిండి, సుద్ద, నూనె ఏదీ రాయవద్దు. చీకటి పడ్డాక టార్చి లైటును పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే అక్షరాల నీడలు వాటంతట అవే లేస్తాయి. ఆ ఫోటో చదవగలిగినవాళ్ళకు పంపండి. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. పునాది దగ్గర తవ్వేటప్పుడు నాణేలో విగ్రహమో బయటపడితే పని ఆపి కలెక్టరుకు తెలియజేయాలి. భూమిలో దొరికే నిధుల గురించిన 1878 నాటి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే చాలు, అది మీ ఇష్టం కాదు.

సున్నం కట్టడానికి సున్నమే

డబ్బు పోగుచేసి కట్టడాన్ని పాడుచేసిన సందర్భాలు డబ్బు లేక పాడైన వాటికి తీసిపోవు. అందుకే అంచనా వేయించే ముందే ఈ సంగతి అర్థం చేసుకోవాలి.

పాత ఇటుక గోడ సున్నంతో కట్టింది. అది నేల లోంచి కొంత నెమ్ము పీల్చుకుంటుంది, పూత గుండా మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. నెమ్ము బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది, అడుగున ఉన్న మరక నాలుగడుగులకు చేరుతుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు సిమెంటు వెనక పేరుకుని ఇటుకను పొడి పొడిగా రాలుస్తుంది. మూడు నాలుగేళ్ళకు సిమెంటు పెచ్చు ఊడుతుంది, ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోతుంది. ఎనామిల్ పెయింటు చేసే పనీ ఇదే. రాతి శిల్పం మీద రంగు వేయడం, ఇసుకను ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం ఇంకా ఘోరం, పోయిన చెక్కడం మళ్ళీ రాదు.

మన పెద్దలు వాడింది గానుగ సున్నం, డంగు సున్నం అని కూడా అంటారు. రాళ్ళ సున్నాన్ని నీళ్ళలో తడిపి, నీళ్ళ కింద కనీసం నెల రోజులు నాననివ్వాలి. సరిగా చావని, అంటే నీళ్ళు పూర్తిగా తాగని సున్నం ముక్కలు గోడెక్కాక పొంగి పూతను గుంటలు గుంటలుగా ఎగరగొడతాయి. తొందర పడితే జరిగేది అదే. మామూలు నిష్పత్తి ఒక వంతు సున్నానికి మూడు వంతుల కడిగిన ఇసుక. చెమ్మ ఎక్కువగా ఉండే చోట ఇసుకలో కొంత భాగం బదులు సుర్ఖీ, అంటే బాగా కాలిన ఇటుకల పొడి కలుపుతారు. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలపడం పాత మేస్త్రీల పద్ధతి. ఆ కొలత చేతి అనుభవంతో వచ్చేది కాబట్టి ముందు ఒక మూల అడుగు చదరం నమూనా వేయించి నెల రోజులు చూడండి. గోరుతో గీస్తే పొడి రాలకూడదు, వెంట్రుక పగుళ్ళు రాకూడదు.

పూత ఒక్కో వరస 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకూడదు. ఒక వరస గట్టిపడ్డాక రెండోది. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. విజయవాడ మే నెల ఎండలో సున్నం పూస్తే అది గట్టిపడక ముందే ఎండిపోయి పొడి అవుతుంది. జూలైలో పూస్తే అసలు ఆరదు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా పూత పనికి సరైన కాలం. బెంగుళూరు పెంకులు మార్చడం, తూములు శుభ్రం చేయడం, దూలాల పని మాత్రం మార్చి, ఏప్రిల్‌లలో ముగించుకుని వానకు సిద్ధంగా ఉండాలి.

మిద్దె కట్టడాల్లో టేకు దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి పైన సున్నం కాంక్రీటు వేసేవారు, మద్రాసు టెర్రస్ అంటారు. దూలం కొన గోడలోకి వెళ్ళే చోట చెదలు, చివుకు ముందుగా పడతాయి. సుత్తి పిడితో తట్టండి, డొల్ల మోత వస్తే ఆ కొన పోయింది. దూలం మొత్తం మార్చనవసరం లేదు, కొన వరకు కొత్త టేకు అతకవచ్చు. అలాంటి మిద్దె మీద ఎవరైనా సిమెంటు కాంక్రీటు మరో పొర వేద్దామంటే ఒప్పుకోకండి. నీరు ఆగదు, బరువు మాత్రం పెరుగుతుంది.

ఈ పని తెలిసిన వాస్తుశిల్పి కోసం ఇన్‌టాక్ సంస్థను అడగండి. 1984 నుంచి దేశమంతా ఇదే పని చేస్తున్న సంస్థ అది. అపార్టుమెంట్లు కట్టే ఇంజనీరు ఎంత మంచివాడైనా ఈ పనికి ఆయన ఒక్కడే చాలడు.

జనానికి చెప్పడం

అక్టోబరు దాటి ఎండ తగ్గాక నడకలు పెట్టండి. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి ముగించాలి. రెండు కిలోమీటర్లు మించవద్దు. ఇరవై మంది, మహా అయితే పాతిక, అంతకు మించితే వెనకున్నవాళ్ళకు వినబడదు, వాళ్ళు టిఫిన్ గురించి మాట్లాడుకుంటారు. ముందు చెప్పేవారు ఒకరు, వెనక మందను కాసేవారు ఒకరు. ఆరు చోట్ల ఆగండి, ఒక్కో చోట పది నిమిషాల లోపు. చివరిగా ఆగేది మీ కట్టడం దగ్గరే అయి ఉండాలి, లోపలికి తీసుకెళ్ళి కారే చోటు చూపించాలి. అక్కడ ఆ రోజు డబ్బు అడగొద్దు. పేరు, ఫోను నంబరు రాయించుకోండి చాలు.

చెప్పేది నిజమై ఉండాలి, దానికీ పద్ధతి ఉంది. అక్కన్న మాదన్న గుహలనే తీసుకోండి. అక్కన్న, మాదన్నలు 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా దగ్గర మంత్రులు. గుహలు తొలిచింది సుమారు 6, 7 శతాబ్దాల్లో. పేరుకూ రాతికీ మధ్య వెయ్యేళ్ళ దూరం. ఈ ఒక్క సంగతి చెప్పి, మరి ఆ పేరెలా వచ్చి ఉంటుందని అడిగి వదిలేయండి, నడక సగం గెలిచినట్టే. అలాగే ప్రతి కోట నుంచీ ఇంకో కోటకు సొరంగం ఉందనే కథ వస్తుంది. దాన్ని వెక్కిరించకండి, చరిత్ర అనీ ముద్ర వేయకండి. "అంటారు" అనే మాట ఒకటి చేర్చండి.

చెప్పుకోదగ్గవి మనకు కొదవలేదు. నన్నయ కన్నా ముందే బెజవాడలో యుద్ధమల్లుడు వేయించిన శాసనంలో మధ్యాక్కర అనే ఛందస్సులో తెలుగు పద్యాలున్నాయి. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనం. 1921లో కాంగ్రెసు సమావేశాలు విజయవాడలో జరిగినప్పుడే పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించారు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట పేర్లు ఆంగ్లేయ అధికారులవి. రోజూ ఆ పేర్లు పలికే బడిపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి.

బడికి వెళ్ళేటప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతులు ఎంచుకోండి. పదో తరగతి జోలికి పోవద్దు, హెడ్మాస్టరు గారు ఒప్పుకోరు, ఒప్పుకున్నా పిల్లల మనసు అక్కడ ఉండదు. ఒక పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. స్లైడ్లు చూపిస్తే నిద్రపోతారు. ఒక పాత ఇటుక, ఒక కొత్త ఇటుక, సున్నం గడ్డ, సిమెంటు గడ్డ పట్టుకెళ్ళండి. రెండు గడ్డల మీదా చుక్క చుక్క నీళ్ళు పోయించండి, ఏది పీలుస్తుందో పిల్లలే చెబుతారు. ఇంటికి ఒక పని ఇవ్వండి: "మీ అమ్మమ్మ, తాతయ్య చదువుకున్న బడి ఎక్కడ? ఇప్పుడు అక్కడ ఏముంది?" ఆ కాగితాలు తిరిగి తెచ్చుకుని దాచండి, ఊరి చరిత్రకు అవి ఎక్కడా దొరకని ఆధారాలు. నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాల్లో వాటిని ప్రదర్శనకు పెడితే తల్లిదండ్రులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

కేంద్ర రక్షిత స్థలంలో కార్యక్రమం పెట్టాలన్నా, స్టాండు బిగించి వీడియో తీయాలన్నా ముందు అనుమతి తీసుకోండి.

కట్టడం ముందు బోర్డు ఒకటి. గోడకు మేకులు కొట్టవద్దు, విడిగా ఇనప స్తంభాల మీద నిలబెట్టండి. తెలుగు పైన, ఇంగ్లీషు కింద. తెలుగులో వంద మాటలు దాటితే ఎవరూ చదవరు. ఫ్లెక్సీ వద్దు, మన ఎండకు ఏడాదిలో వెలిసిపోతుంది. స్టీలు రేకు మీద చెక్కించిన అక్షరాలు నిలుస్తాయి. బోర్డు మధ్య భాగం నేల నుంచి సుమారు 1.4 మీటర్ల ఎత్తులో ఉంటే పెద్దలూ పిల్లలూ చదవగలరు. అచ్చుకు పంపే ముందు ఆ ఊళ్ళో వ్యాకరణం తెలిసిన మాస్టారు ఒకరి చేత చదివించండి. చారిత్రక కట్టడం ముందు అచ్చుతప్పు ఉంటే మిగతాదంతా ఎవరూ నమ్మరు.

ఖాతా, రసీదు, మెట్లు

వ్యక్తి ఫోను నంబరుకు ముడిపడ్డ క్యూఆర్ కోడ్‌తో వసూలు మొదలుపెట్టడం అన్ని తగాదాలకూ మూలం. ముందు సంఘం నమోదు చేయించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళయితే చట్టం ఏమన్నా ఊరు నమ్మదు. సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి ఉమ్మడి సంతకం, ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్. రసీదు పుస్తకాలకు వరస సంఖ్యలు అచ్చు వేయించి ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో రాసుకోండి. పుస్తకం వెనక్కి ఇవ్వనివారికి రెండోది ఇవ్వవద్దు, ఆయన ఎంత పెద్దమనిషైనా సరే.

పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖలో విడిగా నమోదు ఉంది, జనం నోట 80జి. 2025 కొత్త చట్టంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి దరఖాస్తును ఆడిటరు చేతే వేయించండి. దాతకు ముందే రెండు మాటలు చెప్పాలి: 2,000 రూపాయలు మించిన నగదుకు ఈ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే వర్తించదు. ఇది దాచి డబ్బు తీసుకుంటే జూలైలో ఆయన దగ్గర్నుంచి ఫోను వస్తుంది.

అమెరికా నుంచి వచ్చే డబ్బు విషయంలో మన జిల్లాల్లో తరచూ పొరపాటు జరుగుతుంది. అక్కడ ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన లోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి తప్పనిసరి. నమోదు కావాలంటే మామూలుగా సంఘానికి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. కొత్త సంఘం అయితే సంక్రాంతికి ఊరొచ్చిన అల్లుడు గారి పాస్‌పోర్టు ఏ దేశానిదో మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఆయన డాలర్లు తీసుకోలేకపోయినా, ఊళ్ళో ఉన్న అత్తమామలు వాళ్ళ సొంత డబ్బు ఇవ్వవచ్చు. ఆయన డబ్బునే వాళ్ళ చేతుల మీదుగా తిప్పించడం మాత్రం చట్టాన్ని తప్పించుకోవడమే.

మొత్తాన్ని మెట్లుగా విడగొట్టండి. 5 లక్షల పని అనుకుందాం. లక్ష ఇచ్చేవారు ఒకరు, పాతికవేలు ఇచ్చేవారు నలుగురు, పదివేలు ఇచ్చేవారు పది మంది, అయిదువేలు ఇచ్చేవారు ఇరవై మంది, వెయ్యి ఇచ్చేవారు వంద మంది. ఒక్కో మెట్టు లక్ష, అంతా కలిపి 135 మంది. ఒక్కరు ఇవ్వాలంటే ముగ్గురిని అడగాలని లెక్క వేసుకోండి, అంటే నాలుగు వందల పేర్ల జాబితా మీ దగ్గర ఉండాలి. లేకపోతే ఇంకో నాలుగు నడకలు పెట్టాలి. పై నుంచి కిందికి అడగండి. లక్ష ఇచ్చే మనిషి తేలకుండా వెయ్యి రూపాయల రసీదులు రాయడం మొదలుపెడితే లక్ష ఇవ్వగలిగినవారు కూడా వెయ్యే ఇచ్చి చేతులు దులుపుకుంటారు. "పాత కట్టడాల పరిరక్షణకు" అంటే ఎవరికీ అర్థం కాదు. "నూరు పెంకులకు ఇంత, ఒక దూలం కొనకు ఇంత, ఒక కిటికీకి ఇంత" అని ధర పెట్టి అడగండి. అంచనాలో పదో వంతు ఊహించని ఖర్చులకు, మరో పదో వంతు తర్వాతి నిర్వహణకు ముందే కలపండి.

హరికథో నాటకమో పెట్టి టికెట్ అమ్మవచ్చు. రాబడిలో నాలుగో వంతు మించి ఖర్చవుతుంటే మానుకోండి, అలాంటి సభలు సన్మానాలకే సరిపోతాయి. లక్కీ డ్రా వద్దే వద్దు, అనుమతి లేని లాటరీ నేరం.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్ఆర్ డబ్బుకు దారుంది. కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ పేరు పెట్టి మరీ ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ ఖర్చు పెట్టాల్సిందే. తీసుకునే సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు, మామూలుగా మూడేళ్ళ అనుభవం ఉండాలి. ఏడాది వయసున్న సంఘం ఈ తలుపు తట్టి కాలం వృథా చేసుకోవడం కన్నా అనుభవమున్న సంస్థతో కలిసి వెళ్ళడం మేలు. రక్షిత కట్టడానికైతే 1996లో ఏర్పడిన నేషనల్ కల్చర్ ఫండ్ ఉంది. ఫలానా కట్టడానికే అని దాత కోరవచ్చు.

దాతల పేర్లు ఎక్కడ రాయాలి

గోడకు గ్రానైట్ పలక అతికించకండి, దానికి వాడే సిమెంటు వల్ల ఆ గోడకు జరిగే హాని పైన చెప్పిందే. లోపల చెక్క చట్రంలో ఒక జాబితా పెట్టండి, లక్ష ఇచ్చినవారి పేరుకూ వెయ్యి ఇచ్చినవారి పేరుకూ ఒకే సైజు అక్షరాలు, అకారాది క్రమంలో. పెద్ద దాత ఎవరైనా నొచ్చుకుంటే అమరావతి సంగతి చెప్పండి. ఆ స్తూపానికి రాజులతో పాటు గృహపతులు, భిక్షుణులు, వర్తకులు తలా ఒక ఫలకం ఇచ్చి పేర్లు చెక్కించుకున్నారు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఇచ్చిన ఫలకంలో పూర్ణఘటం ఉంది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే. అదే స్తూపం రాళ్ళను 18వ శతాబ్దం చివర్లో కొత్త కట్టడాలకు తీసుకుపోయారు, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైకీ లండన్‌కీ చేరింది. అప్పట్లో వాటి విలువ చెప్పేవాళ్ళు ఊళ్ళో లేకపోయారు.

పని మొదలయ్యాక

మేస్త్రీని తక్కువ రేటు చూసి ఎంచుకోవద్దు, ఆయన అంతకు ముందు చేసిన సున్నం పనిని రెండు వానలు గడిచాక వెళ్ళి చూసి ఎంచుకోండి. ఒప్పందంలో సిమెంటు వాడకూడదని విడిగా ఒక వాక్యం ఉండాలి. చెల్లింపు నాలుగు విడతలు: ముందు 20 శాతం, పైకప్పు ముగిశాక 30, పూత ముగిశాక 40, చివరి 10 శాతం ఒక వానాకాలం గడిచి కారకపోతేనే. ఈ పది శాతం కోసం మేస్త్రీ గారు ఎంత బతిమాలినా మెత్తబడకండి.

రోజూ సాయంత్రం మీలో ఒకరు స్థలానికి వెళ్ళాలి. ఖాళీ సిమెంటు సంచులు కనిపిస్తే ఎందుకొచ్చాయో అడగాలి. సున్నం ఆరడం ఆలస్యమవుతోందని చీకటి పడ్డాక గుప్పెడు సిమెంటు కలపడం మామూలే, మర్నాటికి రంగులో తేడా తెలుస్తుంది. పాత పెంకులు, తలుపు చెక్కలు, ఇత్తడి గడియలు లారీ ఎక్కకుండా చూసుకోండి, లెక్కపెట్టి గదిలో పెట్టి తాళం వేయండి.

ప్రతి నెలా మొదటి ఆదివారం జమాఖర్చు కాగితం గేటుకు అంటించండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, చేతిలో ఎంత ఉంది అన్న మూడు వరసలు చాలు. ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలనే గొడవ ఎలాగూ వస్తుంది, దాన్ని పని పూర్తయ్యే వరకు ఎజెండాలో పెట్టకండి. తేదీ ముందుగా ఖాయమైతే ఆ తేదీ కోసం తడి గోడకు రంగు వేస్తారు.

పని అయిపోయాక సంఘంలో ముగ్గురికి ఏడాది పట్టిక ఇవ్వండి. మే చివరి వారంలో తూములు, పైకప్పు మీద ఆకులు తీయాలి. అక్టోబరులో తుపాను గాలుల తర్వాత జారిన పెంకులు సరిచేయాలి. గోడ సందులో రావి మొక్క రెండు ఆకులు వేయగానే వేరుతో పీకాలి, వేలెడు లావయ్యాక పీకితే ఇటుకలు కూడా ఊడివస్తాయి. అప్పుడు మొదలు నరికి, మిగిలిన వేరును ఎండనిచ్చి, సందును సున్నంతో పూడ్చాలి. ఏడాదికి ఒకసారి దూలాల కొనలు తట్టి చూడాలి. విడి పెంకులు ఒక యాభై అటక మీద ఎప్పుడూ ఉండాలి, అదే సైజువి మళ్ళీ దొరకవు. నిచ్చెన ఎవరింట్లో ఉందో, తాళం రెండో చెవి ఎవరి దగ్గర ఉందో ఆ పట్టిక కిందే రాసి పెట్టండి.